విషయం చూసి టికెట్ తీసుకోకండి: ఫిల్మ్ ఫెస్టివల్‌లో డాక్యుమెంటరీలు ఎంచుకోవడం ఎలా

అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్ షెడ్యూల్ విప్పగానే కనిపించే చిక్కు ఒకటే. ఒకే వేళకి మూడు హాళ్ళలో మూడు డాక్యుమెంటరీలు. ఒకటి ఎండిపోతున్న నది మీద, ఒకటి యుద్ధం మీద, ఒకటి జనం మరిచిపోయిన గాయని మీద. ఎక్కువమంది ఇక్కడ విషయాన్ని బట్టి తేల్చేసుకుంటారు. నది ముఖ్యమైన సంగతి కాబట్టి నది సినిమాకే వెళ్తారు. అరగంట గడిచేసరికి కుర్చీలో అటూ ఇటూ కదులుతుంటారు.

హాల్లో ఆ గంటన్నర ఎలా గడుస్తుందో విషయం చెప్పదు. సినిమా తీసిన పద్ధతి చెబుతుంది. కాన్ ఫెస్టివల్లో డాక్యుమెంటరీలకి 2015 నుంచి ‘గోల్డెన్ ఐ’ బహుమతి ఇస్తున్నారు. 2021లోనూ 2022లోనూ వరసగా అది భారతీయ సినిమాలకే వచ్చింది. మొదటిది ‘ఎ నైట్ ఆఫ్ నోయింగ్ నథింగ్’. ఒక విద్యార్థిని తన ప్రేమికుడికి రాసిన ఉత్తరాలు వినిపిస్తుంటే, ఎక్కువభాగం నలుపుతెలుపుల్లో, మరకలు మరకలుగా సాగే బొమ్మ. రెండోది ‘ఆల్ దట్ బ్రీత్స్’. ఢిల్లీలో గాయపడ్డ గద్దలకి వైద్యం చేసే అన్నదమ్ముల వెంట నెమ్మదిగా, నిశ్చింతగా కదిలే కెమెరా. రెండింటి నిడివీ గంటన్నరకి అటూ ఇటూనే, బహుమతీ ఒకటే. కానీ ఒకటి నచ్చినవాళ్ళకి రెండోది నచ్చుతుందన్న హామీ ఏమీ లేదు. కేటలాగ్‌లో ఇద్దరు అన్నదమ్ములు, కొందరు విద్యార్థులు అని చదివి ఈ తేడా పట్టుకోలేం.

## ముందు ఏం చూసుకోవాలి

మళ్ళీ దొరుకుతుందా? అన్నిటికన్నా ముందు ఇదే చూడాలి. సినిమా వివరాల్లో నిర్మాతల వరస చదవండి. పెద్ద స్ట్రీమింగ్ సంస్థ పేరుంటే కొన్ని నెలల్లో అది ఇంట్లోనే చూడొచ్చు. టీవీ ఛానెల్ సహనిర్మాత అయితే ఆ దేశంలో ప్రసారమవుతుంది గానీ బయటి దేశాలవాళ్ళకి తరచుగా తెరుచుకోదు. మూడు నాలుగు చిన్న ఫండ్‌ల (సినిమాలకి డబ్బు సాయం చేసే నిధుల) పేర్లు, ఒక కొత్త నిర్మాణ సంస్థ మాత్రమే కనిపిస్తే, ఆ సినిమాని ఫెస్టివల్ బయట చూసే అవకాశం తక్కువ. అలాంటిదానికే ఓటు వేయాలి.

పెద్ద తెర దానికి ఏమైనా కలుపుతుందా? మాట్లాడే ముఖాలతో నిండిన సినిమా ఫోన్లో చూసినా పెద్దగా పోయేదేం ఉండదు. దూరపు దృశ్యాలు, కటింగ్ లేని పొడవాటి షాట్లు, గాలి, యంత్రాలు, జనసమ్మర్దం వంటి చప్పుళ్ళ మీద నడిచే సినిమా ఇంట్లో సగం చచ్చిపోతుంది.

సబ్‌టైటిళ్ళ బరువు ఎంత? దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తెర అడుగున రెండు వరసలు, ఒక్కో వరసలో నలభై అక్షరాలదాకా, ఆరేడు సెకన్లలో మాయం. ఇంగ్లీషు చకచకా చదవగలిగినవాళ్ళకి కూడా, ఆపకుండా మాటలు సాగే సినిమాలో చివరికి అక్షరాలే గుర్తుంటాయి, మనుషుల ముఖాలు గుర్తుండవు. అలాంటివి రోజుకి రెండు దాటితే కళ్ళు మొరాయిస్తాయి.

ముందే తెలిసి ఉండాల్సింది ఎంత? ఒక దేశపు ఎన్నికల గురించి ఆ దేశపు ప్రేక్షకుల కోసం తీసిన సినిమా పార్టీల పేర్లు, నాయకుల ముఖాలు తెలుసనే అనుకుంటుంది. వెళ్ళేముందు పది నిమిషాలు చదువుకుంటే సరిపోతుంది. ఆ ఓపిక లేకపోతే వేరేది ఎంచుకోండి.

దర్శకులు వస్తున్నారా? షో తర్వాత పదిహేను, ఇరవై నిమిషాల ప్రశ్నోత్తరాలు కొన్ని సినిమాలకి ప్రాణం, కొన్నిటికి మర్యాద మాత్రమే. ఏవి ఎలాంటివో కింద ఆయా రకాల దగ్గర చెప్పాను.

## కేటలాగ్ నుంచి పద్ధతిని పసిగట్టడం

సినాప్సిస్, అంటే కేటలాగ్‌లోని చిన్న పరిచయం, రాసేది సినిమా అమ్మాల్సినవాళ్ళు. దానిలో విషయాన్ని వదిలేసి క్రియల్ని చూడండి. “ఐదేళ్ళపాటు వెంట నడిచి” అంటే పరిశీలన పద్ధతి. “బయటపెడుతుంది”, “గుట్టు విప్పుతుంది” అంటే పరిశోధన. “మా నాన్న”, “అమ్మమ్మ ఇల్లు” అంటే వ్యక్తిగతం. “సరిహద్దుల్ని చెరిపేస్తూ”, “ఒక ధ్యానం” లాంటి మాటలుంటే దర్శకుడి ఆలోచనల వెంట సాగే వ్యాస పద్ధతి, లేదా కల్పన కలిసినది.

తర్వాత స్టిల్ ఫోటో. మనిషి నడుము పైభాగం కనిపిస్తూ, చూపు కెమెరాకి కొంచెం పక్కకి ఉంటే అది ఇంటర్వ్యూ ఫ్రేము. ఎవరూ కెమెరాని పట్టించుకోకుండా తమ పనిలో ఉంటే పరిశీలన. అంచులు గీతలు పడ్డ, గింజలు తేలిన బొమ్మైతే ఆర్కైవ్, అంటే దాచిపెట్టిన పాత ఫుటేజీ.

ఆపైన పేర్ల జాబితా. దర్శకుడే కెమెరా పట్టుకుంటే, చిన్న బృందంతో ఆ మనుషుల దగ్గర చాలాకాలం గడిపి ఉండొచ్చు. ‘రచన’, ‘వాయిస్’ అని విడిగా పేర్లుంటే వ్యాఖ్యానం ఉంటుంది. ‘ఆర్కైవ్ ప్రొడ్యూసర్’ ఉంటే సంగతి చెప్పనక్కర్లేదు.

నిడివి కూడా మాట్లాడుతుంది. సరిగ్గా 52 నిమిషాలుంటే అది గంట టీవీ స్లాట్‌కి కోసిన కూర్పు. అదే సినిమాకి పొడవాటి కూర్పు ఉందేమో చూడండి, ఉంటే ఫెస్టివల్లో చూడాల్సింది అదే. 70 నుంచి 100 నిమిషాలు మామూలు. 140 దాటితే దర్శకుడు ఎవరికీ తలవంచలేదని అర్థం. అది వరమో శాపమో మీ ఓపికని బట్టి.

ట్రైలర్ని మాత్రం నమ్మొద్దు. సంగీతం చుక్క కూడా లేని సినిమాకి డ్రమ్ములు మోగే ట్రైలర్లుంటాయి. ఒకటి రెండు నిమిషాల ‘క్లిప్’ దొరికితే అది చూడండి. సినిమా ఊపిరి వేగం దానిలోనే తెలుస్తుంది.

## రకాలు ఒక్కొక్కటిగా

పరిశీలన పద్ధతి. ప్రశ్నలు అడగరు, వ్యాఖ్యానం చెప్పరు, జరుగుతున్నదాన్ని చూస్తారు. 1960ల్లో భుజాన మోయగల 16 ఎం.ఎం. కెమెరాలు, వాటితో కలిసి నడిచే సౌండ్ రికార్డర్లు వచ్చాక ఇది ఊపందుకుంది. అప్పటి 400 అడుగుల రీలు పదకొండు నిమిషాలకి అయిపోయేది. ఎప్పుడు కెమెరా ఆన్ చేయాలో ముందే తేల్చుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మెమరీ కార్డులు గంటలకొద్దీ పట్టుకుంటాయి కాబట్టి వందల గంటలు తీసి గంటన్నరకి కుదిస్తున్నారు. ఇవాళ్టి పరిశీలన సినిమాల్లో మంచీచెడూ తేలేది ఎడిటింగ్ దగ్గరే. వదులుగా ఉన్నదైతే మధ్యలో ఒక అరగంట ఎటూ కదలదు. బిగువుగా ఉన్నదైతే ఒక గిన్నె కడిగే దృశ్యంలో కూడా ఆ ఇంటి లెక్కలన్నీ అర్థమవుతాయి. తాజా బుర్రతో, పొద్దున్న షోకి వెళ్ళాల్సిన రకం ఇది. మొదటి ఇరవై నిమిషాలు మనుషుల పేర్లు, చుట్టరికాలు తెలియవు, అది లోపం కాదు. ప్రశ్నోత్తరాల్లో తప్పకుండా కూర్చోండి. కెమెరా ముందు ఆ కుటుంబం ఎందుకు ఒప్పుకుంది, సినిమా చూసి ఏమంది అన్నది తెరమీద తెలియదు.

పరిశోధన, ఇంటర్వ్యూలు. సమాచారం కావలసినవాళ్ళకి ఇదే సరైనది. కాగితాలు, లెక్కలు, సాక్షుల మాటలు. ఇబ్బంది తెరమీద అక్షరాల రద్దీ. మాట్లాడేవాళ్ళ పేరు, హోదా ఒక పట్టీలో, కింద సబ్‌టైటిల్, వెనక పత్రిక శీర్షిక, మూడూ ఒకేసారి. మధ్య వరసల కన్నా ముందుకి కూర్చుంటే మెడ పడుతుంది, మరీ వెనక కూర్చుంటే చిన్న అక్షరాలు అందవు. ఈ రకం సినిమాలే ఇంట్లో చూడ్డానికి ఎక్కువ దొరుకుతాయి. ఆపి, వెనక్కి తిప్పి చూసుకునే వీలు అక్కడే ఉంటుంది కూడా. కాబట్టి దర్శకులు రాని షో అయితే దీన్ని వదులుకోవడానికి వెనకాడొద్దు. ఒక పరీక్ష: ఆరోపణ ఎదుర్కొంటున్నవాళ్ళ జవాబు సినిమాలో ఎక్కడైనా ఉందా? వాళ్ళు మాట్లాడటానికి నిరాకరించారని తెరమీద ఒక్క వాక్యం కూడా లేకపోతే, మీరు చూస్తున్నది పరిశోధన కాదు, ప్రచారం.

ఆర్కైవ్ సినిమాలు. పాత ఫుటేజీనే కూర్చి కట్టినవి. బాగా కుదిరితే వీటికి మించిన ఆకర్షణ లేదు. చూసేటప్పుడు రెండు గమనించండి. మొదటిది చప్పుడు. పాత 16 ఎం.ఎం., 8 ఎం.ఎం. రీళ్ళలో చాలావాటికి అసలు శబ్దమే ఉండదు. మీరు వింటున్న అడుగుల సవ్వడి, తలుపు కిర్రు, జనం కేకలు ఇప్పుడు స్టూడియోలో చేర్చినవి. అది తప్పని కాదు. కానీ ‘ఉన్నదున్నట్టు’ అన్న భ్రమ వద్దు. రెండోది బొమ్మ ఆకారం. ఆ ఫుటేజీ ఎక్కువగా నలుచదరానికి దగ్గరగా, 4:3లో ఉంటుంది. దాన్ని వెడల్పు తెర నిండా పరిచారంటే పైనా కిందా కోసేశారని అర్థం. తలలు తెగిన సమూహచిత్రాలు కనిపిస్తే అదే కారణం. నిశ్శబ్ద చిత్రాల కాలపు ఫుటేజీలో మనుషులు గంతులు వేస్తున్నట్టు నడిస్తే, సెకనుకి పదహారు, పద్దెనిమిది ఫ్రేముల్లో తీసినదాన్ని సరిచేయకుండా ఇరవై నాలుగులో నడిపారు. ఇలాంటివి పట్టించుకోని సినిమా తన సాక్ష్యాన్నీ అంతే జాగ్రత్తగా చూసుకుని ఉంటుంది!

వ్యక్తిగతం, వ్యాసం. దర్శకుడి సొంత గొంతు, సొంత కుటుంబం, ఉత్తరాలు, ఇంటి వీడియోలు. గొప్ప సినిమాలూ, భరించలేని సినిమాలూ రెండూ ఈ గంపలోనే ఎక్కువ. కేటలాగ్ చూసి తేల్చడం అన్నిటికన్నా కష్టమైంది కూడా ఇదే. పనికొచ్చే ఆనవాలు ఒకటుంది. సినాప్సిస్‌లో దర్శకుడి అన్వేషణ కాక, ఇంకో మనిషి పని, మాట, ఊరు ఏదైనా నిర్దిష్టంగా కనిపిస్తోందా? కనిపిస్తే వెళ్ళండి. ‘జ్ఞాపకం, కాలం, శూన్యం’ తప్ప ఇంకేమీ లేకపోతే రాత్రి షోకి మాత్రం పెట్టుకోవద్దు.

కల్పన కలిసినవి, యానిమేషన్. మనుషులు తమ జీవితాన్నే మళ్ళీ నటించి చూపడం, గుర్తింపు దాచాల్సినవాళ్ళ కథని బొమ్మలుగా గీయడం, అసలు ఫుటేజీయే లేని సంఘటనని పునఃసృష్టించడం. ఏది జరిగింది, ఏది నటించింది అని ప్రతి నిమిషం తేల్చుకోవాలనుకునే ప్రేక్షకులకి ఇవి చిరాకు. కథాచిత్రాలకి అలవాటుపడ్డ స్నేహితుల్ని డాక్యుమెంటరీకి తీసుకెళ్ళాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు.

లఘు చిత్రాల ప్యాకేజీ. నాలుగు నుంచి ఆరు, కలిపి గంటన్నర. ఎంతలోపు ఉంటే లఘు చిత్రమో ఫెస్టివల్‌ని బట్టి మారుతుంది, ఆస్కార్ నిబంధనల్లో చివరి పేర్లతో కలిపి 40 నిమిషాలు. ప్యాకేజీలో ఒకటి నచ్చకపోయినా పావుగంటలో దాటిపోతుంది. రెండు సినిమాల మధ్య లోపలికి పంపే ఫెస్టివల్స్ ఉన్నాయి కాబట్టి ఆలస్యమైన రోజు ఆదుకుంటుంది. ఇవి తర్వాత దొరకడం చాలా కష్టం. అందరూ వదిలేసేది వీటినే, నిజానికి ధైర్యంగా తీసుకోవాల్సిందీ వీటినే.

మూడు గంటలు దాటినవి. రెండు స్లాట్లు తినేస్తాయి. విరామం ఉందో లేదో కేటలాగ్‌లో చూసుకోండి. ఇంట్లో ఇలాంటిది ఏకబిగిన చూడటం దాదాపు జరగదు, హాలు ఇచ్చే లాభం అదే. పాస్ ఉన్నవాళ్ళు ఫెస్టివల్‌కి ఒకటి పెట్టుకోవాలి. ఒక్కరోజు టికెట్‌వాళ్ళు వదిలేయాలి.

పాత సినిమాలు, పునరుద్ధరించినవి. కొత్తగా 4కె చేసిన డిజిటల్ కాపీ అయితే తర్వాతా దొరకొచ్చు. వివరాల్లో ‘35 ఎం.ఎం. ప్రింట్’ లేదా ‘16 ఎం.ఎం. ప్రింట్’ అని ఉంటే ఆలోచించొద్దు, ఆ ప్రింట్ మళ్ళీ మీ ముందుకి రావడం అరుదు.

| రకం | పెద్ద తెర అవసరం | సబ్‌టైటిళ్ళ బరువు | మళ్ళీ దొరకడం | సరైన వేళ |
|---|---|---|---|---|
| పరిశీలన | ఎక్కువ | తక్కువ, మధ్యస్థం | కష్టం | పొద్దున్న |
| పరిశోధన | తక్కువ | చాలా ఎక్కువ | తేలిక | మధ్యాహ్నం |
| ఆర్కైవ్ | మధ్యస్థం | మధ్యస్థం | పాటలు, ప్రముఖులైతే తేలిక | ఎప్పుడైనా |
| వ్యక్తిగతం, వ్యాసం | మధ్యస్థం | వ్యాఖ్యానాన్ని బట్టి | కష్టం | సాయంత్రం ముందు |
| కల్పన కలిసినవి | ఎక్కువ | మధ్యస్థం | చెప్పలేం | రాత్రి కూడా సరే |
| లఘు ప్యాకేజీ | తక్కువ | మారుతుంటుంది | చాలా కష్టం | భోజనం తర్వాత |
| సుదీర్ఘం | చాలా ఎక్కువ | మారుతుంటుంది | కష్టం | రోజు మొదట్లో |

## ప్రీమియర్లు, బహుమతులు ఏం చెబుతాయి

‘వరల్డ్ ప్రీమియర్’ అంటే దాన్ని ఇంకెవరూ చూడలేదు, సమీక్షలుండవు. జూదం. ‘ఇంటర్నేషనల్ ప్రీమియర్’ అంటే సొంత దేశంలో చూపించి బయట మొదటిసారి. ఇప్పటికే వేరే ఫెస్టివల్స్ తిరిగి వచ్చిన సినిమా అయితే అది ఎక్కడ మొదలై ఏ దారిన వచ్చిందో చూడండి. సన్‌డాన్స్ జనవరిలో, బెర్లిన్ ఫిబ్రవరిలో, కోపెన్‌హాగన్ సిపిహెచ్ డాక్స్ మార్చిలో, నియోన్ విజన్స్ దు రియల్ ఏప్రిల్‌లో, కాన్ మే నెలలో, ఆమ్‌స్టర్‌డామ్ ఇడ్ఫా నవంబర్‌లో జరుగుతాయి. జనవరిలో సన్‌డాన్స్‌లో మొదలైనది మీ ఫెస్టివల్‌కి డిసెంబర్‌లో వచ్చిందంటే, దాని విడుదల సంగతి ఈపాటికి తేలిపోయి ఉంటుంది. పేరు కొట్టి వెతికితే తెలిసిపోతుంది.

జ్యూరీ బహుమతీ, ప్రేక్షకుల బహుమతీ ఒకటి కాదు. ప్రేక్షకుల బహుమతి వచ్చిందంటే కథ అందుతుంది, చివర కన్నీళ్ళో చప్పట్లో ఉంటాయి. జ్యూరీ బహుమతి తరచుగా రూపాన్ని చూసి ఇచ్చింది. డాక్యుమెంటరీలు కథాచిత్రాలతో పోటీపడి బెర్లిన్‌లో అత్యున్నత బహుమతి గోల్డెన్ బేర్ గెలిచిన సంవత్సరాలున్నాయి, 2016, 2023, 2024. అలాంటి పేరు చూసి ఉత్కంఠ కోసం వెళ్ళేవాళ్ళు నిరాశపడొచ్చు, సినిమా ఎలా కట్టారో చూడాలనుకునేవాళ్ళు పడరు.

## ఎవరికి ఏది

ఒక్కరోజు మాత్రమే వీలైతే మూడు సినిమాలు చాలు: పొద్దున్న ఒక పరిశీలన చిత్రం, భోజనం తర్వాత లఘు ప్యాకేజీ, సాయంత్రం దర్శకులు వచ్చే ఏదైనా ఒకటి. నాలుగోది పెట్టుకుంటే మొదటిది మరిచిపోతారు.

ఆఫీసు అయ్యాక సాయంత్రాలే దొరికేవాళ్ళు సబ్‌టైటిల్ బరువు మరీ ఎక్కువ లేనివి చూసుకోవాలి: సంగీతం, ప్రకృతి, ఆర్కైవ్. అలసిన కళ్ళతో రెండు గంటల పరిశోధన చిత్రం చదవడం శిక్ష.

సినిమా తీయాలనుకునేవాళ్ళు విషయాన్ని పూర్తిగా పక్కన పెట్టి ఒకే రకం మూడు చూడండి. మూడు పరిశీలన చిత్రాలు రెండురోజుల్లో చూస్తే ఎక్కడ కత్తిరించారో, ఎందుకు కత్తిరించలేదో కంటికి ఆనుతుంది. తొలి చిత్రాల విభాగం వదలొద్దు. మీరు చేయబోయే తప్పులన్నీ అక్కడ ముందే కనిపిస్తాయి.

పిల్లలతో వెళ్ళేవాళ్ళు వయసు హెచ్చరిక ఒక్కటే చూస్తే చాలదు. సబ్‌టైటిళ్ళు చదవలేని వయసైతే మాటలు తక్కువున్నవే ఎంచుకోవాలి. జంతువుల సినిమా అంటే ముద్దుగా ఉంటుందనుకోవద్దు. వేట, కబేళా, చావు చూపించేవి ఆ విభాగంలోనే ఎక్కువ.

## షెడ్యూల్ కట్టేటప్పుడు

ఒక్కసారే చూపించే సినిమాల్ని ముందు గుర్తుపెట్టుకోండి, రెండు షోలున్నవాటిని వాటి చుట్టూ సర్దండి. బుకింగ్ తెరిచిన వెంటనే చిన్న హాళ్ళ టికెట్లు పట్టండి. ఎనభై సీట్ల హాలు నిమిషాల్లో నిండొచ్చు, ఎనిమిది వందల సీట్ల హాల్లో ప్రారంభ చిత్రానికి కూడా తర్వాత చోటు దొరకొచ్చు.

లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే: 90 నిమిషాల సినిమా నిజానికి రెండు గంటలు. పరిచయానికి ఐదు నిమిషాలు, ఆలస్యానికి ఐదు, ప్రశ్నోత్తరాలకి ఇరవై. హాలు మారాలంటే నడక, మళ్ళీ వరస. రెండు షోల మధ్య, నిడివి పోగా, కనీసం 45 నిమిషాలు ఉంచుకోండి. లేకపోతే దర్శకుడు నోరు విప్పిన క్షణంలో మీరు లేచి వెళ్తుంటారు.

ప్రతి స్లాట్‌కీ రెండో ఎంపిక రాసిపెట్టుకోండి. డాక్యుమెంటరీ షోలు చివరి నిమిషంలో మారుతుంటాయి: అనుమతి రాకపోవడం, న్యాయపరమైన అభ్యంతరం, డిజిటల్ కాపీ తెరుచుకోకపోవడం. ఒకే విషయం మీద రెండు సినిమాలు ఒకేరోజు పెట్టుకోవద్దు, రెండోది ఎంత బాగున్నా పాఠం మళ్ళీ వింటున్నట్టుంటుంది.

నచ్చకపోతే మధ్యలో లేవడం తప్పేం కాదు. కానీ ఎప్పుడు? ఇంటర్వ్యూల సినిమా ఇరవై నిమిషాలకి పట్టుకోకపోతే తర్వాతా పట్టుకోదు, వెళ్ళిపోవచ్చు. పరిశీలన చిత్రానికి నలభై నిమిషాలైనా ఇవ్వండి. లఘు ప్యాకేజీలో మాత్రం సినిమా మధ్యలో లేవొద్దు, పేర్లు పడేదాకా ఆగండి. దాన్ని తీసినవాళ్ళు మీ వెనక వరసలోనే కూర్చుని ఉండొచ్చు.